తడిపి ఆరేస్తే సర్దుకుంటుంది

పంతొమ్మిదో నెంబరు లోపలికి వెళ్ళింది. మాది ఇరవై ఆరు. మధ్యలో ఆరుగురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకున్నా గంట, ఒక మాట చెప్పడానికి గంట ఎందుకు, అర నిమిషం చాలు, బావా, ఆ మఫ్లర్ నువ్వు అల్లింది కాదు, ఆరు మాటలు, వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాను, ఊలు పట్టినవాళ్ళకి అదొక జబ్బు, మెట్లు కనిపిస్తే మెట్లు, గోడ పలకలు కనిపిస్తే పలకలు, ఇప్పుడు ఎదురుగోడ మీద తెల్ల పలకలు అడ్డంగా ఇరవై రెండు, నిలువుగా పద్నాలుగు, ఒకటి పగిలింది, ఆ పగిలిన దాని మీదే నా కళ్ళు ఆగుతున్నాయి. పక్కన బావ. మా అక్క మొగుడు, ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి, గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా బెంచీ అంచున కూర్చున్నాడు. పాదాల మధ్య గుడ్డసంచి, సంచిలో సూదులు, మిగిలిన నల్ల ఊలు, మఫ్లర్. ఇప్పటికి నాలుగుసార్లు సంచిలోకి తొంగి చూశాడు, ఉందా లేదా అని, ఎక్కడికి పోతుంది, పోతే బాగుండు, ఈ గంటలో ఎవరైనా ఆ సంచి ఎత్తుకుపోతే వాళ్ళ కాళ్ళకి దండం పెడతాను. సిగ్గులేని ఆలోచన అది, తెలుసు, పొద్దుటి నుంచి నాకు వస్తున్నవన్నీ అలాంటివే.

ఏడు నెలల కిందట డిపోలో బస్సు దిగుతూ మెట్టు తప్పి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ లోపల నరం నలిగిందట, బొటనవేలికీ దాని పక్క రెండు వేళ్ళకీ స్పర్శ సరిగ్గా లేదు, గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నానని కళ్ళతో చూసుకుంటే తప్ప ఆయనకి తెలియదు. ఆ తలుపు వెనకున్న ఫిజియో ఆవిడ ఈ రోజు కాగితం మీద సంతకం పెడితే సోమవారం నుంచి స్టీరింగు మళ్ళీ బావ చేతికి వస్తుంది. పెట్టకపోతే డిపోలో టికెట్ల గది, కిటికీ లేని గది, ఆ మాట ఎత్తితేనే బావ ముఖం మాడిపోతుంది. పట్టు కొలిచే మీటరు ఒకటుంది ఆవిడ దగ్గర, పిడికిలి బిగిస్తే ముల్లు కదులుతుంది, బావది అటూ ఇటూ కాని చోట ఆగిపోతుంది. పోయిన నెల ఆవిడే అంది, "మీటరు బలమే చెబుతుందండీ, వేళ్ళ నేర్పు చెప్పదు. మీరు అల్లుతున్న ఆ మఫ్లర్ పూర్తయ్యాక పట్టుకురండి, మొదటి నుంచి చివరిదాకా చూస్తే చెయ్యి ఎలా దారిలో పడిందో నాకు తెలిసిపోతుంది." తెలిసిపోతుంది, నిజమే, అల్లిక అబద్ధం చెప్పదని నేనే ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. ఇరవయ్యో నెంబరు లేచి లోపలికి వెళ్ళింది, మెడకి పట్టీ కట్టుకున్న పెద్దావిడ, నిదానంగా.

ఎక్కడ మొదలైంది ఇదంతా అంటే ఆ రబ్బరు బంతి దగ్గర. రోజుకి వందసార్లు నొక్కమని ఇచ్చారు, బావ రెండు రోజులు నొక్కి మూడో రోజు దాన్ని పక్కింటి గోడ మీదుగా విసిరేశాడు, కుక్కకి పనికొస్తుందిలే అన్నాడు. అప్పుడు నేను ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. "చుక్కాని తాత మఫ్లర్ అల్లుతావా బావా" అన్నాను, ఆట పట్టించడానికే అన్నాను, ఆయన టీవీలోంచి తల తిప్పి, "నేనా, అల్లికా" అని నవ్వి, కాసేపాగి, "ఎన్ని రంగులు దానికి" అన్నాడు. ఓడ సీరియల్ అంటే మా ఇంట్లో బావకీ నాకూ ఇద్దరికే పిచ్చి. ఆకాశంలో రేవు నుంచి రేవుకి తిరిగే పాత సరుకుల ఓడ, అందులో ఆరుగురు మనుషులు, ఒక మూడుకళ్ళ పిల్లి, ఓడ నడిపే ముసలాయన మెడలో తొమ్మిది రంగుల మఫ్లర్, చేరిన ఒక్కో రేవుకి ఒక్కో రంగు. అక్కకి అదంతా చిన్నపిల్లల వ్యవహారం. బావ మాత్రం, "వాడు డ్రైవరే, ఓడైతేనేం బస్సైతేనేం, ఎక్కినవాళ్ళని దింపాలి" అంటాడు, తాత ఎక్కడైనా మలుపు సరిగ్గా తిప్పకపోతే కుర్చీలోంచే కుడికాలు బ్రేకు మీద వేస్తాడు. అలాంటి మనిషికి ఆ మఫ్లర్ పేరు చెప్పి సూదులు చేతిలో పెట్టాను, మంచి పని చేశాననుకున్నాను, అప్పటికి మంచి పనే అది.

నేను పనిచేసేది ఊలు, గుండీల దుకాణంలో. శనివారాలు వెనక గదిలో తరగతి, గోడలకి ఊలు ఉండల బీరువాలు, మధ్యలో పొడుగు బల్ల, బల్ల చుట్టూ ఓడ పిచ్చోళ్ళు, ఆ పేరు మాకు మేమే పెట్టుకున్నాం. కొందరు ఓడ వంటమనిషి చెవుల టోపీ అల్లుతారు, కొందరు మూడుకళ్ళ పిల్లి, మూడో కన్ను ఎక్కడ పెట్టాలో తెలియక చెవిలో పెట్టినవాళ్ళూ ఉన్నారు, అది మరీ ముద్దొచ్చింది. ఒకాయన రేవు దీపాల బొమ్మలతో టీ గ్లాసుకి చొక్కా అల్లాడు, గ్లాసు పట్టలేదు, ఆయన బొటనవేలికి తొడుక్కుని తిరిగాడు. ఆ గదిలో ఎవరూ ఎవర్నీ చిన్నబుచ్చరు. మొదటిసారి వచ్చినవాళ్ళకి నేను రాసిన కాగితం ఒకటి ఇస్తాం, నీలం సిరాతో రాసి జిరాక్సు తీసినది, అందులో ప్రతి మాటా నాకు నోటికి వచ్చు. సూదులు పట్టగానే చేతులు చెమట పడతాయి, పట్టనివ్వండి. మొదటి పది వరసలు వంకరగా వస్తాయి, ఊడదీయకండి, దాచుకోండి, మూడు నెలల తర్వాత మీరే చూసి మురిసిపోతారు. తప్పు చేయని చెయ్యి సూది పట్టని చెయ్యే. ఇంకా అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, పక్కవాళ్ళ సూదులు ముట్టుకోవద్దు, సాయం చేయాలంటే మీ సూదుల మీద చేసి చూపించండి. పెద్ద అక్షరాలతో రాశాను, కింద గీత కూడా గీశాను, ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు నాకు గుర్తు.

ఇరవై ఒకటి. బావ చెయ్యి చాపి గోడ గడియారం చూపించాడు, "త్వరగానే కదులుతోందే" అన్నాడు, తలాడించాను, నోరు తెరిస్తే ఆ ఆరు మాటలే వచ్చేస్తాయేమో అనిపించింది, రానివ్వచ్చుగా, రానివ్వలేదు. బావ సూదులు పట్టిన మూడో వారం, గురువారం. అప్పటికి బూడిదరంగు పట్టీ అయింది, ఇటుకరంగు అయింది, రెండూ చిల్లులే, అంచులు పాము నడకలు, అయినా అవి ఆయనవి, ఒక్కో వరసకి పావుగంట చొప్పున ముక్కు మీద చెమటతో అల్లినవి. రంగు మార్చడం కొత్తవాళ్ళకి కష్టం, కొస కలపడం రాదు, అందుకని గురువారం సాయంత్రం నడకకి వస్తూ ఆ వారం అల్లింది నాకిచ్చి వెళ్ళేవాడు, నేను కొత్త రంగు కలిపి శనివారం తరగతిలో ఇచ్చేదాన్ని. ఆ గురువారం ఆకుపచ్చ సగంలో ఉంది. కౌంటరు మీద పెట్టాడు. ఒక లూపు ఎప్పుడో జారింది, ఆయనకి తెలియలేదు, పైన వరసలు అల్లుకుంటూ పోయాడు, అది కిందికి దిగి దిగి నిచ్చెనలా తెరుచుకుంది. "ఇక నా వల్ల కాదు మరదలా" అన్నాడు. "సూది పట్టుకున్నానో లేదో వేళ్ళకి తెలియట్లేదు. స్టీరింగు ఏం పట్టుకుంటాను." అని గుండీల సొరుగుల వైపు తిరిగి నిలబడ్డాడు. గుండీలు చూడాల్సిన అవసరం ఆయనకి ఏముంది, వీపు కనిపించింది నాకు, ముప్పై ఏళ్ళు బస్సు సీటుకి ఆనించి నిటారుగా ఉంచిన వీపు, అలా వంగడం ఎప్పుడూ చూడలేదు. నా పెళ్ళి చెడిపోయి అక్క ఇంటికి వచ్చిన రోజు ఒక్క ప్రశ్న అడక్కుండా నా పెట్టె దించి లోపల పెట్టిన మనిషి.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో ఈగలు తోలుకోవడమే పని. కొక్కెం సూది తీసుకున్నాను. ఆ జారిన ఒక్క లూపు, అంతే అనుకున్నాను, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే పైకి లాగి కట్టేశాను, ఐదు నిమిషాలు. దాని పక్కది చూస్తే మెలిపడి ఉంది. దాన్ని సరిచేస్తే దాని పైవరస వదులైంది. టీ వేళకి ఆకుపచ్చ మొత్తం ఊడదీసి మళ్ళీ అల్లేశాను. శనివారం బావ దాన్ని కిటికీ వెలుతురులో పెట్టుకుని చూశాడు, తిప్పి చూశాడు, "చిల్లులేవీ" అన్నాడు. ఆ క్షణంలో చెప్పి ఉంటే నవ్వుకునేవాళ్ళం, నాలుగు తిట్టేవాడు, అయిపోయేది. "తడిపి ఆరేశాను బావా" అన్నాను. "తడిపి ఆరేస్తే సర్దుకుంటుంది. ఊలు గుణమే అంత." ఆ మాటలో సగం నిజం, అదే నా దరిద్రం, వదులూ బిగువూ తడిపితే సర్దుకుంటాయి, జారిన లూపు మాత్రం గంగాళంలో ముంచినా లేచి రాదు. ఏడాది అల్లినవాళ్ళు ఎవరైనా పకపక నవ్వేవాళ్ళు. ఆయన అల్లింది మూడు వారాలు. నమ్మాడు. ముఖం వెలిగింది. వచ్చే వారం పసుపు ఊలు ఇంకో ఉండ ఎక్కువ ఇవ్వమన్నాడు.

ఆ తర్వాత ఇక అబద్ధం అనిపించలేదు, పని అనిపించింది, అదే భయమేస్తోంది ఇప్పుడు తల్చుకుంటే. పసుపు, నీలం, ఎరుపు, ప్రతి శుక్రవారం. నా అల్లికలా కనిపిస్తే దొరికిపోతానని లావు సూదులు వాడాను, ఊలు వేలికి ఒక చుట్టు తక్కువ చుట్టుకున్నాను, ఆయన చెయ్యి వదులు కదా, ఆ వదులు తెచ్చాను, వారం వారం కొద్దిగా బిగించుకుంటూ వచ్చాను, చెయ్యి బాగుపడుతున్నట్టు. దొంగసంతకం పెట్టేవాళ్ళు ఇంతకంటే శ్రద్ధగా పెట్టరు. ఇంకా చెప్పాలి, గంట ఉంది కదా, అన్నీ చెప్పుకోవాలి, ఒక్కో పట్టీలో ఒక్క తప్పు కావాలని వదిలేదాన్ని, దిష్టిచుక్కలా, మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని. బావ శనివారం బల్ల దగ్గర కూర్చుని ఆ తప్పు వెతికి పట్టుకునేవాడు. వేలు పెట్టి చూపించేవాడు. "ఇక్కడ తప్పాను" అనేవాడు, అందరికీ వినపడేలా, తలకాయ కాస్త వంచి, "ఈసారి చూసుకుంటాలే." నేను చేసిన తప్పుకి ఆయన నా ముందు తల వంచేవాడు. నేను ఫర్వాలేదు బావా అనేదాన్ని. ఫర్వాలేదు అన్నాను, ఆరు రంగులకి ఆరుసార్లు, ఒక్కసారైనా నా నాలుక తడబడలేదు.

ఇరవై రెండు, ఇరవై మూడు ఒకేసారి, తల్లీ కూతురూ, ఇద్దరికీ కలిపి పది నిమిషాలే, గంటలోంచి కొంచెం తగ్గింది. ఆయన కోసమే చేశానా. అలా అనుకుంటే ఈ బెంచీ మీద కాస్త వెనక్కి ఆనుకుని కూర్చోవచ్చు. కానీ ఆ ఫోటో ఉంది. నాలుగో నెంబరు రంగు అయ్యాక దుకాణం కిటికీలో మఫ్లర్ వేలాడదీసి ఫోటో తీసి ఓడ పిచ్చోళ్ళ గుంపులో పెట్టాను, చెయ్యి విరిగిన బస్సు డ్రైవరు, సూది ముట్టి నాలుగు వారాలు, చూడండి, మీరెందుకు భయపడతారు, అని రాశాను. ఎక్కడెక్కడివాళ్ళో గుండె బొమ్మలు పెట్టారు. మీలాంటి టీచరు దొరకడం అదృష్టం అని ఒకావిడ రాసింది, ఆ మాట రోజుకి రెండుసార్లు తెరిచి చదువుకునేదాన్ని. తరగతికి తొమ్మిదిమంది కొత్తగా వచ్చి చేరారు. వాళ్ళల్లో ఒక అమ్మాయి రెండో వారానికే మానేసింది, పోతూ పోతూ అంది, "ఆయనకి విరిగిన చేత్తో అంత బాగా వచ్చిందండీ, నాకు మంచి చేత్తోనే రావట్లేదు, నాకు రాని విద్యేమో." ఆ అమ్మాయి వంటమనిషి టోపీ సగంలో వదిలేసింది, అది బీరువా అడుగు అరలో ఉంది, సూదులతో సహా, నేను ఆ అర తెరవడం మానేశాను.

అయినా ఇవన్నీ భరించి ఉండేదాన్నేమో, మొండిదాన్ని కదా, ఆదివారం లేకపోతే. మొన్న ఆదివారం బావ పాత కారు బయటికి తీశాడు. నన్ను మా వీధిలో దింపుతానన్నాడు, అక్క వద్దనబోయి, "పోనీలే, మఫ్లరే అల్లేశాడు, కారెంత" అని నవ్వింది. నేను పక్కన కూర్చున్నాను. బ్యాంకు మలుపు దగ్గర ఎడమకి తిప్పాడు, స్టీరింగు కుడిచేతిలోంచి జారింది, అలా జారిందని ఆయనకి తెలియలేదు, పట్టుకునే ఉన్నాననుకున్నాడు, వేళ్ళు చెప్పలేదు కదా, కారు ఫుట్‌పాత్ మీదికి ఎక్కింది. ఉత్తరాలు పంచే ఆయన ఒకడు సంచితో సహా గోడకి అతుక్కుపోయాడు. రెండు అడుగులు, అంతే, నేను కొలిచాను, మనుషులు చచ్చేచోట కూడా నాకు కొలవడమే పని. బావ కిందికి దిగి ఆయనకి సారీ చెప్పి, కిందపడ్డ ఉత్తరాలు ఏరి ఇచ్చి, మళ్ళీ ఎక్కి, "టైర్లు కొత్తవి, పట్టు తప్పాయి" అని నవ్వాడు. టైర్లు పాతవే. ఆయన ముఖంలో భయం లేదు, అనుమానం లేదు, అల్లిక పూర్తిచేసిన చెయ్యి కదా అది. నేను సీటుబెల్టు రెండు చేతులతో పట్టుకుని, "అవునేమో" అన్నాను. అవునేమో. కారులో ఇద్దరం, బస్సులో అయితే నలభైమంది, నిలబడ్డవాళ్ళు కాక. ఆ రోజు నుంచి రోడ్డు మీద బస్సు కనిపిస్తే లోపల తలలు లెక్కపెడుతున్నాను.

నా చేతిసంచిలో ఫోన్ మోగింది, అక్క. "ఏమందే ఆవిడ" అంది. ఇంకా పిలవలేదన్నాను. "కంగారు పడుతున్నాడా?" లేదన్నాను. అక్క గొంతు తగ్గించింది, ఇంట్లో ఒక్కతే ఉండి గొంతు ఎందుకు తగ్గిస్తుందో. "ఆ సూదులు పట్టుకున్నాకే మీ బావ మళ్ళీ మనిషయ్యాడే. అంతకుముందు నాలుగు నెలలు ఎలా గడిచాయో నాకు తెలుసు. నీ మేలు మర్చిపోను." అక్కా అన్నాను. ఏంటే అంది. ఏం లేదు, తర్వాత చేస్తానన్నాను. చిన్నప్పుడు అక్క పలక పగలగొట్టి పిల్లి పగలగొట్టిందని చెప్పాను, అక్క ఆ పిల్లికి వారం రోజులు పాలు పొయ్యలేదు, అది తలుపు దగ్గర కూర్చుని అరిచేది, నేను లోపల కూర్చుని వినేదాన్ని. నేను మారలేదు. జుట్టు నెరిసిందే కానీ ఇంకా లోపలే కూర్చుని వింటున్నాను.

ఇరవై నాలుగు వెళ్ళాక మా బెంచీ మీదికి ఒకావిడ వచ్చి కూర్చుంది, ముప్పై ఏళ్ళుంటాయి, కుడి చూపుడువేలికి లావుపాటి కట్టు. కేకుల మీద పూలు వేసే పనిట, గాజు పాత్ర పగిలి వేలి నరం తెగింది, కుట్లు వేశారు, వేలు వంగట్లేదు. ఇదంతా బావే రాబట్టాడు, బస్సులో పక్కన నిలబడ్డవాళ్ళ కథ రాబట్టినట్టు. "ఇక క్రీము పూలు నాకు రావేమోనండీ" అని ఆవిడ నవ్వబోయి నవ్వలేకపోయింది. బావ సంచిలోంచి మఫ్లర్ తీశాడు. వద్దు బావా, ఇది వద్దు. తొమ్మిది రంగులూ ఆవిడ ఒళ్ళో పరిచాడు. "ఇది చూడమ్మా. ఈ బూడిదరంగు, చిల్లులు చూశావా, వేలు పెట్టు, దూరుతుంది. ఇదిగో ఇటుకరంగు, ఇదీ అంతే. ఇక్కణ్ణుంచి చూడు." ఆవిడ బాగున్న చేత్తో ఆకుపచ్చని తడిమింది, పసుపుని, నీలాన్ని, నా వేళ్ళని తడుముతోంది ఆవిడ, "అబ్బ, ఎంత తేడా" అంది. "అదేనమ్మా. మొదటి పది వరసలు వంకరగా వస్తాయి, దాచుకోవాలి. తప్పు చేయని చెయ్యి సూది పట్టని చెయ్యే, ఇదిగో మా మరదలు చెప్పిన మాట" అని నా భుజం తట్టాడు, ఆ కుడిచేత్తోనే, ఎంత బలంగా తట్టాడో ఆయనకి తెలియదు. "మూడు వారాల్లో చెయ్యి దారికొస్తుంది. నాకొచ్చింది. నీకెందుకు రాదు." ఆవిడ కళ్ళు మఫ్లర్ మీంచి తన కట్టు మీదికి వెళ్ళాయి. మూడు వారాలు అని లోపల లెక్క వేసుకుంటోందని నాకు తెలుస్తోంది. మూడు వారాల తర్వాత ఆ వేలు వంగకపోతే తనకి రాని విద్యేమో అనుకుంటుంది, సగం టోపీ వదిలేసి పోయిన అమ్మాయిలా. ఇరవై ఐదు అని పిలిచారు, ఆవిడే లేచింది, బావ ఆల్ ది బెస్ట్ చెప్పాడు, ఆవిడ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి మఫ్లర్ కేసి ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది.

"బావా, ఆ మఫ్లర్ నువ్వు అల్లింది కాదు."

అన్నాను. నా గొంతే, ఎక్కడో వేరే బెంచీ మీంచి వినిపించినట్టుంది. ఆయన మఫ్లర్ మడతపెడుతున్నవాడు ఆగాడు. పరాచికం అనుకుని నవ్వు ముఖం పెట్టాడు, మా ఇద్దరికీ పరాచికాలు అలవాటే, తర్వాత నా ముఖం చూశాడు. చెప్పాను, గుండీల సొరుగులు, శుక్రవారం, కొక్కెం సూది, తడపడం ఆరెయ్యడం అంతా అబద్ధం, లావు సూదులు, అన్నీ, వరస తప్పి, ముందుది వెనక వెనకది ముందు. అయిపోయాక ఆయన మఫ్లర్ విప్పి మోకాళ్ళ మీద వేసుకుని, "ఎక్కడిదాకా నావి" అన్నాడు. చూపించాను. బూడిద, ఇటుక. వేలు అక్కడే ఆపాను. "మిగతాదంతా నువ్వే." నేనే. ఆయన ఎరుపు దగ్గర ఒక చోట వేలు పెట్టాడు, పోయిన నెల అందరి ముందూ చూపించిన చోటు. "ఈ తప్పులు?" అవీ నేనే బావా, కావాలని వదిలాను. "తప్పులు కూడా నావి కావా" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నలుగురూ చూసేవాళ్ళు, నాకు తగిన శాస్తి అయ్యేది. మెల్లగా అన్నాడు, తనలో తాను, సొరుగుల వైపు తిరిగినప్పటి గొంతుతో.

ఆయన తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరో వాడి తిరిగిచ్చిన వస్తువులా. "ఆదివారం" అన్నాడు. "టైర్లు కావన్నమాట." కావన్నాను. "పక్కనే ఉన్నావుగా. నోరు విప్పలేదు." విప్పలేదు. "అతను గోడకి అతుక్కుపోయాడే. నేను నవ్వాను కూడా." క్షమించు అనే మాట నోటిదాకా వచ్చింది, అది కూడా నా కోసమే అడిగేదిలా అనిపించి మింగేశాను. కేకులావిడ బయటికి వచ్చింది, బావ మోకాళ్ళ మీది మఫ్లర్ కేసి చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఇరవై ఆరు. బావ లేచాడు. మఫ్లర్ మడతపెట్టి నా ఒళ్ళో పెట్టాడు, విసరలేదు, పెట్టాడు. సంచిలోంచి సూదులూ, మిగిలిన నల్ల ఊలు ఉండా తీసుకున్నాడు. నేను కూర్చునే ఉంటే, "లే" అన్నాడు. "నువ్వూ రా. వచ్చి చేతులు కట్టుకుని కూర్చో."

గది చిన్నది, బల్ల, మూడు కుర్చీలు, గోడకి చేతి నరాల బొమ్మ. ఫిజియో ఆవిడ కాగితం ముందే తీసి పెట్టుకుంది, పెన్ను మూత కూడా తీసి ఉంది. "మఫ్లర్ తెచ్చారా" అంది. "తెచ్చానమ్మా. అది మా మరదలిది" అన్నాడు బావ. "నాది ఇప్పుడు మొదలుపెడతాను. చూసి చెప్పండి." ఆవిడ నా ఒళ్ళోకి చూసింది, బావ ముఖంలోకి చూసింది, పెన్నుకి మూత పెట్టి కుర్చీ ముందుకు జరుపుకుంది. బావ ఇరవై లూపులు వేశాడు. ఎంతసేపు పట్టిందో చెప్పను, నల్ల ఊలు కళ్ళకి కనిపించదు, వేళ్ళకే తెలియాలి, ఆ వేళ్ళకి తెలియదు. తర్వాత మొదటి వరస. ఒకటి, రెండు, మూడు, నాలుక బయటపెట్టి, ముక్కు మీద చెమట. ఎనిమిదోది జారింది. చూశాను. సూది కొస మీంచి జారి చిన్న నల్ల ఉంగరంలా నిలబడింది, ఇంకో లాగు లాగితే పోతుంది, అర నిమిషం పని, వేలితో ఇలా అంటే చాలు. నా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. దాన్ని లాక్కుని చంకలో పెట్టి బిగించుకున్నాను, రెండోదీ అలాగే, చేతులు కట్టుకుని కూర్చున్నాను. బావకి తెలియలేదు. తొమ్మిది, పది, పదకొండు. ఆగాడు. సూది కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు, ఎడమచేతి వేలితో ఒక్కొక్క లూపూ తాకుతూ వెనక్కి లెక్కపెట్టాడు, పది వచ్చాయి, మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ పదే. ఆ వేలు అటూ ఇటూ తిరిగి, ఖాళీగా ఉన్న చోట ఆగింది.

"ఇక్కడ తప్పాను" అన్నాడు, ఆవిడతో కాదు, నాతో.